రొట్టె ఇల్లు, మాంసపు ఇల్లు

యేసుక్రీస్తు జన్మస్థలంగా ప్రసిద్ధి పొందిన బెత్లెహేము పేరుకు రెండు అర్థాలు ఉన్నాయి. హీబ్రూ భాషలో బేత్ లెహెమ్ అంటే రొట్టె ఇల్లు. అదే ఊరిని అరబ్బీలో బైత్ లహ్మ్ అంటారు. ఆ భాషలో లహ్మ్ అంటే మాంసం. రెండు పదాలకూ ధాతువు ఒక్కటే. మూలంలో ఆ ధాతువుకు ప్రధానమైన తిండి అన్న అర్థం ఉండేదనీ, ఒక భాషలో అది రొట్టెగా, మరొక భాషలో మాంసంగా స్థిరపడిందనీ భాషావేత్తల వివరణ. ఇటీవలి కాలంలో క్రిస్మస్ పండుగ భోజనం గురించి తలెత్తిన ఒక వివాదం, యాదృచ్ఛికంగానే అయినా, ఈ రెండు అర్థాల మధ్యనే నడుస్తున్నది.

ప్రాచీన శిలాయుగ ఆహారం, అంటే లోకం వాడుకలో పేలియో ఆహారం, ధాన్యాన్ని పూర్తిగా నిషేధిస్తుంది. గోధుమ, వరి, మొక్కజొన్న మాత్రమే కాదు. పప్పుధాన్యాలు, పాలు, పాల పదార్థాలు, చక్కెర కూడా దానికి పనికిరావు. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, దుంపలు, పండ్లు, గింజలు దాని సామగ్రి. మానవ శరీరం లక్షల సంవత్సరాల వేట, ఆహార సేకరణ జీవితంలో రూపుదిద్దుకొన్నదనీ, సుమారు పదివేల సంవత్సరాల వ్యవసాయం దానిని మార్చడానికి చాలలేదనీ ఈ వాదం ప్రతిపాదన. 1975లో వాల్టర్ వోగ్ట్‌లిన్ అనే అమెరికన్ వైద్యుడు రాతియుగ ఆహారం గురించి ఒక పుస్తకం ప్రకటించాడు. దానిని పట్టించుకొన్నవారు తక్కువ. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే ఇద్దరు ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో వ్యాసం వ్రాసిన తరువాత ఆ వాదానికి శాస్త్ర గౌరవం దక్కింది. 2002లో లోరెన్ కోర్డెయిన్ గ్రంథంతో అది విద్వాంసుల బల్లల మీదినుంచి వంటగదుల్లోకి దిగింది.

సంవత్సరం పొడుగునా ఈ నియమం పాటించే కుటుంబానికి డిసెంబరు నెల అసలు పరీక్ష. పాశ్చాత్య దేశాల క్రిస్మస్ బల్ల మీద వేయించిన పక్షి మాంసాన్ని మినహాయిస్తే, తక్కినదంతా పిండి, వెన్న, చక్కెరల సృష్టి. ఈ చిక్కును ఇంట్లోనే విప్పుకోవాలి. అంగడిలో దొరికేవాటిలో పిండి, చక్కెర లేనివి అరుదు. అందువల్ల బాదం పిండితో కేకు, కొబ్బరి పిండితో బిస్కట్లు, చక్కెరకు బదులు ఖర్జూరం, తేనె, వెన్నకు బదులు కొబ్బరినూనె అనే కొత్త వంటకాలు పుట్టాయి. ఇవన్నీ ఆదిమానవుని వంటలని ఎవరైనా నమ్మితే అది వారి సౌజన్యం. బాదం, ఖర్జూరం మనిషి సాకిన తోటల పంటలు. పొయ్యి మీద ఉబ్బే కేకు వేటగాడి ఊహకు కూడా అందనిది.

ఆదిమానవుడు ధాన్యం ముట్టలేదన్న ప్రతిపాదనకు విఘాతం కలిగించిన సాక్ష్యం కూడా, చిత్రంగా, బెత్లెహేము పరిసర దేశంలోనే దొరికింది. గలిలయ సముద్రం ఒడ్డున ఓహాలో అనే చోట సుమారు 23,000 సంవత్సరాల నాటి గుడిసెలు నీటి అడుగున చెక్కుచెదరకుండా మిగిలాయి. అక్కడి నూరుడు రాతి మీద అడవి ధాన్యపు గింజల పిండి రేణువులను పరిశోధకులు గుర్తించి 2004లో ప్రకటించారు. జోర్డాన్ ఈశాన్య భాగంలోని నల్లరాతి ఎడారిలో షుబైకా అనే చోట రెండు పొయ్యిల బూడిదలో మాడిన రొట్టె ముక్కలు బయటపడ్డాయి. వాటి వయస్సు సుమారు 14,400 సంవత్సరాలు; ఆ ఫలితాలు 2018లో వెలువడ్డాయి. అడవి గోధుమ జాతి గింజలనూ, నీటితుంగ దుంపలనూ కలిపి దంచి కాల్చిన రొట్టె అది. ఆ ప్రాంతంలో సేద్యం మొదలు కావడానికి నాలుగువేల సంవత్సరాల పూర్వమే రొట్టె ఉన్నదన్నమాట. అంత శ్రమపడి ఏరిన, దంచిన, కాల్చిన తిండి నిత్యభోజనం అయి ఉండదనీ, విశేష సందర్భాలకే వండి ఉంటారనీ ఊహించిన పరిశోధకులు ఉన్నారు. ఆ ఊహ నిజమైతే, రొట్టె మొదట పండుగ వంటకంగా పుట్టి తరువాత దినభోజనం అయింది.

అయితే పేలియో వాదంలో నిలబడే భాగం ఒకటున్నది. శుద్ధిచేసిన చక్కెరనూ మైదాపిండినీ నేడు తింటున్న పరిమాణంలో మానవజాతి ఏ కాలంలోనూ తినలేదు. చక్కెర చరిత్రలో భారతదేశానికి పెద్ద పాత్ర ఉన్నది. చెరకు రసాన్ని కాచి పలుకులు కట్టించే విద్య గుప్తుల కాలం నాటికి ఇక్కడ వర్ధిల్లింది. సంస్కృత శర్కర పారశీకంలో షకర్‌గా, అరబ్బీలో సుక్కర్‌గా మారి ఐరోపా భాషలన్నింటికీ చేరింది. ఖండ శబ్దం ఆంగ్లంలో క్యాండీ అయింది. మధ్యయుగపు ఐరోపాలో చక్కెర మిరియాలతో, లవంగాలతో సమానంగా తూచి అమ్మిన సుగంధద్రవ్యం. కరీబియన్ దీవుల్లో బానిసల శ్రమ మీద పెరిగిన తోటల వల్ల అది చవక అయింది. 1874లో బ్రిటన్ చక్కెర మీద సుంకాన్ని పూర్తిగా ఎత్తివేసింది. చిటికెడు వాడే వస్తువు శేర్లకొద్దీ వాడే వస్తువుగా మారిన తరువాతనే నేటి తియ్యని క్రిస్మస్ సామాన్యుల ఇళ్లకు వచ్చింది.

అంతకు పూర్వపు క్రిస్మస్ ఎలా ఉండేదన్న ప్రశ్న ఇక్కడ ప్రధానం. ఆ పండుగకు ముందు వారాల తరబడి ఉపవాసం ఉండేదన్న సంగతిని నేటి ప్రపంచం దాదాపు మరచిపోయింది. గాల్ దేశంలోని మాకోన్‌లో ఆరవ శతాబ్దం చివర సమావేశమైన మతసభ, నవంబరు 11న వచ్చే మార్టిన్ పుణ్యపురుషుని పండుగ మొదలు క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవసించాలని విధించింది. ఈ ఆగమన కాలంలో మాంసం నిషిద్ధం. పలుచోట్ల పాలు, వెన్న, గుడ్లు కూడా నిషిద్ధమే. రొట్టెకు మాత్రం ఏ నిషేధమూ లేదు. జర్మనీలోని సాక్సనీ ప్రాంతపు క్రిస్మస్ రొట్టె స్టోలెన్ ఆ రోజుల్లో పిండి, నీరు, నూనెలతో చేసిన చప్పిడి పదార్థం. అక్కడి ప్రభువులు వెన్న వాడనివ్వమని రోముకు పదేపదే అర్థించారు. 1491లో ఎనిమిదవ ఇన్నొసెంట్ పోపు అనుమతి పత్రం ఇచ్చాడు. చరిత్రలో అది వెన్న లేఖగా నిలిచింది. అనుమతి ఊరికే రాలేదు. వెన్న తిన్నవారు చర్చి నిర్మాణాలకు సొమ్ము చెల్లించవలసి వచ్చింది.

ఉపవాస దినాల్లో సంపన్నుల వంటశాలలను ఆదుకొన్నది బాదం. పాలు కూడదు కనుక బాదం పాలు తీశారు. ఆ పాలతోనే చారు, పాయసం, పులుసు అన్నీ వండారు. మధ్యయుగపు పాకశాస్త్ర గ్రంథాల్లో బాదం పాలు ఎదురుకాని పుట అరుదు. నేటి పేలియో గృహిణి పాలూ గోధుమా కూడదని బాదం నూరుతున్నది. నియమం తలక్రిందులైనా, నియమం కింద నలిగే గింజ అదే. నాటి భక్తుడు మాంసం మాని రొట్టె తిన్నాడు. నేటి ఆరోగ్యవ్రతి రొట్టె మాని మాంసం తింటున్నాడు. నాటి వ్రతానికి పరలోకం లక్ష్యం, ఊరంతటికీ ఒకటే నియమం. నేటి వ్రతం ఒక్క శరీరానికి సంబంధించినది; అందుకే ఒకే బల్ల దగ్గర కూర్చున్న నలుగురిలో ఇద్దరు పాటిస్తారు, ఇద్దరు పాటించరు, వంట చేసే ఆమె రెండు విధాలా వండుతుంది. ఈ మార్పు చిన్నది కాదు. ఉపవాసం ముగిసే రోజే పండుగ అన్న పాత లెక్క నేటి వ్రతానికి లేదు.

ఆ పాత లెక్క భారతదేశంలో నేటికీ నిలిచిన చోటు కేరళ. అక్కడి సిరియన్ క్రైస్తవులు డిసెంబరు 1 నుంచి ఇరవై అయిదు రోజుల నోము పాటిస్తారు. నిష్ఠగా ఉండే కుటుంబాలు మాంసం, చేపలు, గుడ్లు, పాలు ముట్టవు. క్రిస్మస్ ఆరాధన ముగిసిన తరువాత ఆ నోము విడుపు. కల్లు పోసి పులియబెట్టిన బియ్యపు పిండితో అప్పం, కొబ్బరిపాల కూర, కోడి లేదా బాతు మాంసం ఆ ఉదయపు భోజనం. ధాన్యమూ మాంసమూ ఒకే పళ్లెంలో కలిసిన రోజు అది. కేకు అక్కడ కొత్తగా వచ్చిన అతిథి మాత్రమే. 1883లో తలశ్శేరిలో మంబళ్లి బాపు అనే రొట్టెల వర్తకుడు అంజరకండి దాల్చినచెక్క తోట దొర తెచ్చిన నమూనా చూసి, స్థానిక పదార్థాలతో తొలి క్రిస్మస్ కేకు కాల్చాడని ఆ కుటుంబంలో వాడుక.

ఇంగ్లండు వంటశాలలో మాంసానికీ పిండికీ మధ్య సాగిన కథ ఇంకొక దారి పట్టింది. అక్కడి క్రిస్మస్ మిన్స్ పై లోపలి కూరుడుకు మిన్స్‌మీట్ అని పేరు. ఆ పేరు ఒట్టిది కాదు. సన్నగా తరిగిన గొర్రె లేదా ఎద్దు మాంసంలో ఎండుద్రాక్ష, లవంగం, జాజికాయ కలిపి నిలవ చేసేవారు. ప్లమ్ పుడ్డింగు పూర్వరూపం కూడా మాంసపు గంజియే. ఎండుపండ్లు, మసాలాలు వేసి, రొట్టె పొడితో చిక్కబరచేవారు. చక్కెర చవక అయిన కొద్దీ మాంసం తప్పుకొన్నది. 1861లో వెలువడిన శ్రీమతి బీటన్ గృహనిర్వహణ గ్రంథంలో మిన్స్‌మీట్‌కు రెండు విధానాలున్నాయి. ఒకదానిలో మాంసం ఉంది, రెండవదానిలో లేదు. ఆ తరువాత రెండవదే నిలిచింది. నేటి మిన్స్‌మీట్‌లో నాటి జంతువు గుర్తుగా మిగిలింది మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు ఒక్కటే. అదికూడా పలు ఇళ్లలో నూనెగా మారింది. 1927లో బ్రిటిషు సామ్రాజ్య వ్యాపార సంస్థ రాజుగారి వంటవాని చేత ఒక సామ్రాజ్య పుడ్డింగు తయారు చేయించి ప్రచారం చేసింది. ఎండుద్రాక్ష ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలది, చక్కెర, రమ్ము కరీబియన్ దీవులవి, మసాలా ఇండియాది. పండించిన వారి వంటిళ్లలో ఆ పుడ్డింగు ఎన్నిసార్లు ఉడికిందో ఆ ప్రచారపత్రం చెప్పలేదు.

ధాన్యం మొలవని నేలలు కూడా క్రీస్తు జన్మదినాన్ని జరుపుకొన్నాయి. గ్రీన్‌లాండులో 1721లో హాన్స్ ఎగెడె మిషనరీగా కాలు పెట్టాడు. రొట్టె ఎరుగని ప్రజలకు అనుదినాహార ప్రార్థన నేర్పుతూ అతడు రొట్టెకు బదులు సీలు చేప అన్న మాట పెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఉత్తర గ్రీన్‌లాండులో నేటికీ క్రిస్మస్ భోజనంలో తిమింగలపు చర్మం, కొవ్వు ఉంటాయి; సీలు తోలు సంచిలో సముద్రపక్షులను కుక్కి, కుట్టి, రాళ్ల కింద నెలల తరబడి మాగబెట్టిన కివియాక్ ఉంటుంది. నిజమైన ధాన్యరహిత క్రిస్మస్ ఏదైనా ఉంటే అదే. అయినా అదే ఇళ్లలో కాఫీ, కేకులు కూడా ఆ దినాన తప్పవు. డెన్మార్కు ఓడలు తెచ్చిన గోధుమను అక్కడివారు పరాయి వస్తువుగా కాక పండుగ వస్తువుగానే స్వీకరించారు.

భారత ఈశాన్యంలోని కొండల్లో మాంసమే పండుగకు గుర్తు. నాగా కొండల్లోని మొలుంగ్‌కిమోంగ్ గ్రామంలో 1872లో తొలి బాప్టిస్టు సంఘం వెలసింది. మిజో కొండలకు 1894లో లోరెయిన్, సావిడ్జ్ అనే మిషనరీలు వచ్చారు. తెగల పూర్వపు సామూహిక విందులు క్రమంగా డిసెంబరుకు మారాయి. ఎండబెట్టిన వెదురు కొమ్ములతో వండిన పంది మాంసం నాగాల పండుగ వంట. మిజోల సామూహిక విందుకు రుఆయ్ అని పేరు. ఊరు ఊరంతా ఒకచోట కూర్చుంటుంది. కానీ ఆ మాంసం పక్కన అన్నం కుప్ప ఉండి తీరుతుంది.

తెలుగు దేశానికి వచ్చేసరికి ఈ చర్చ స్వరూపమే మారిపోతుంది. ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ నడిపిన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో చేరినవారిలో అత్యధికులు మాదిగ కులస్థులు. చేరేవారికి విధించిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, విగ్రహాలను పూజించరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు. ఎర్రగుంట్ల పెరయ్య వంటి తొలి తెలుగు బోధకులు ఊరూరా తిరిగి నచ్చజెప్పిన నియమాలివి. గ్రామ వ్యవస్థ ఆ ప్రజలకు వాటాగా విడిచిన మాంసం వారి అంటరానితనానికి ముద్ర. దానిని విడవడం వారికి ఒక ఆత్మగౌరవ చర్య. కానీ పేదవాని కుండలో దాని లోటును పూడ్చే ధాన్యం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు ఆ నియమాల్లో జవాబు లేదు.

1876లో కరవు వచ్చింది. మద్రాసు రాజధానిలో సహాయ పనులకు వచ్చిన కూలీలకు సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో నిర్ణయించిన వేతనం దినానికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానితో కొద్దిపాటి చిల్లర. ఆ కొలత మనిషిని బ్రతికించదని పారిశుధ్య అధికారి కార్నిష్ నిరసించాడు. క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకొని తన ప్రజలకు పని కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరవు సహాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వలేదు. అది ముగిసిన తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నైజాం రాజ్యంలోని మెదకులో 1914లో చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆరంభించిన మహాదేవాలయం కూడా కరవు కాలపు కట్టడమే. పనికి కూలిగా తిండి పెట్టి కట్టించాడు. 175 అడుగుల గోపురంతో పూర్తయిన ఆ చర్చి ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు జరిగింది. ఆ రాళ్లు మోసినవారికి ఆ పండుగ అర్థం వరి మెతుకు.

జొన్న సంగటి, రాగి అంబలి, కొర్ర అన్నం దినభోజనమైన మెట్ట ప్రాంతాల్లో వరి అన్నం చాలాకాలం పండుగపూటే కనిపించింది. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్ పిండివంటలు సంక్రాంతి పిండివంటలకు తోబుట్టువులు: అరిసెలు, కజ్జికాయలు, చక్రాలు, గవ్వలు. బియ్యం నానబోసి, తడిపిండి దంచి, బెల్లం పాకం పట్టి, నూనెలో వేయించి, చెక్కల మధ్య ఒత్తి తీసే అరిసెకు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల చేతులు కావాలి. ఇరుగుపొరుగుల సాయం లేనిదే క్రిస్మస్ అరిసె లేదు. మూడు వారాల తరువాత అదే ఇరుగుపొరుగులకు సంక్రాంతి అరిసెకు ఈ చేతులు సాయం వెళతాయి. మతాలు వేరైన ఇళ్ల మధ్య పళ్లాలు తిరిగేది ఈ పిండివంటల మీదనే. అరిసె లేని క్రిస్మస్ ఆ రాకపోకల్లో ఒకదానిని తగ్గిస్తుంది.

1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రవేశపెట్టిన తరువాత పండుగ అన్నం ప్రతిదినం అన్నమైంది. ఆ మేలు కాదనలేనిది. దాని వెనుకనే ఇంకొక అంకె వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో మధుమేహ రోగుల సంఖ్య 10.1 కోట్లని లెక్కించింది. ధాన్యం మాని కొవ్వు, మాంసం తినమనే ఆహార పద్ధతులకు 2017, 2018 సంవత్సరాల్లో తెలుగు జిల్లాల్లో సభలు నిండటానికి నేపథ్యం ఇదే. వైద్యుల్లో పలువురు అభ్యంతరం చెప్పారు, ముఖ్యంగా మూత్రపిండాల వ్యాధి ఉన్నవారి విషయంలో, మందుల మోతాదు సరిచూసుకోకుండా తిండి మార్చేవారి విషయంలో. ఒక పౌను ధాన్యం కోసం వరుసలో నిలిచిన తరం మునిమనుమలు ధాన్యానికి భయపడే స్థితికి నూట నలభై ఏళ్లు పట్టింది.

అయితే క్రిస్మస్ పూట ధాన్యం వద్దనుకొన్న తెలుగు ఇల్లు బాదం పిండి కోసం నగరానికి పోనక్కరలేదు. నల్లమల చెంచుల జీవనాన్ని 1943లో గ్రంథస్థం చేసిన ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ వారు తవ్వుకొనే అడవి గడ్డలనూ, కొట్టే తేనెనూ వర్ణించాడు. అక్కడ కూడా పొరుగూళ్ల జొన్న అంబలి వారి తిండిలో భాగమే. కోస్తాలో మార్గశిరం వచ్చేసరికి తేగలు సిద్ధమవుతాయి. వేసవి దాటిన తరువాత రాలిన తాటిపండ్ల టెంకలను గుజ్జు పోయాక ఇసుక పాతరలో పేర్చి కప్పుతారు. మూడు నెలలకు అవి నేలలోకి మొలకలు దించుతాయి. తవ్వితీసి, కుండలో పేర్చి కాల్చి, పొట్టు ఒలిచి, నార తీసి తింటారు. టెంక పగలగొడితే లోపల తెల్లని బుర్రగుంజు పిల్లల వాటా. దున్నకుండా, విత్తకుండా, నూరకుండా వచ్చే తిండి అది. గోదావరి లంకల్లో డిసెంబరు చివర చర్చి నుంచి తిరిగి వచ్చేవారు దారిలో కట్టలుగా కొనేదీ అదే. ఇంటికి చేరాక కోడికూర పక్కన అరిసెల పళ్లెం, దాని పక్కనే ఆ తేగల కట్ట ఉంటాయి, ఎవరికి ఏది ఇష్టమైతే అది తీసుకొంటారు.